మా మామ ఎత్తని వేలు

మా మామ పోయిన వార్త నాకు కుప్పంలో, మూడో పీరియడ్ మధ్యలో తెలిసింది. మా బడి అటెండరు తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఆఫీసుకు ఫోను వచ్చిండాది. పుంగనూర్లో మీ మామంట..." అని ఆగిపోయాడు. మిగతాది అతను చెప్పలేదు, నేను అడగలేదు. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళి బస్సెక్కాను. వి.కోటలో ఒక బస్సు, పలమనేరులో ఇంకో బస్సు మారి పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పలమనేరు బస్టాండులో టీ కొట్టు రేడియో మోగుతోంది. ఎవరో పెద్దమనిషి దేశాభివృద్ధిలో యువత పాత్ర గురించి మాట్లాడుతున్నాడు. నా చిన్నప్పటి నుంచీ ఆ పాత్ర గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మా మామ పోయిన రోజయినా ఆ మనిషి కాసేపు నోరు మూసుకొని ఉంటే బాగుండుననిపించింది.

మా మామ అంటే మా అమ్మకు అన్న. పుంగనూరు బస్టాండు పక్క సందులో రేడియోలు రిపేరు చేసేవాడు. రేడియోల మీద బతికిన ఆ మనిషికి, రేడియోలో మాట్లాడేవాళ్ళంటే ఉన్నంత చులకన ఇంకెవరికీ ఉండదు. ఆ చులకన నాకు ఆయన దగ్గరే అబ్బింది. డిగ్రీ చదివిన మూడేళ్ళూ నేను ఆయన ఇంట్లో ఉండి, రోజూ బస్సులో మదనపల్లె కాలేజీకి పోయి వచ్చేదాన్ని. సాయంత్రం దిగగానే ఇంటికి కాకుండా షాపుకే పోయేదాన్ని. సీసం కాలిన వాసన, చెక్క పెట్టెల్లోంచి దులిపిన దుమ్ము, వాటి మధ్యలో మా మామ గొంతు. నా అసలు చదువు అక్కడే జరిగింది.

రిపేరు అయిన సెట్టును అందరూ సినిమా పాట పెట్టి చూసుకుంటారు. మా మామ ఉపన్యాసం పెట్టి చూసేవాడు. చర్చా కార్యక్రమం వస్తే మరీ మంచిది. "పాటలో వాయిద్యాలుంటాయి పాపా. సెట్టులో లోపం వాటి కింద దాంకుంటాది. వట్టి మాటలో దాంకోలేదు" అనేవాడు. దానివల్ల ఆ సందులో సాయంత్రమయితే పాటలకు బదులు ప్రపంచ శాంతి, అధిక దిగుబడి, సాహిత్యంలో సామాజిక స్పృహ వినిపించేవి. అవి వినడానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. వాటికి మా మామ ఇచ్చే జవాబులు వినడానికి ఎదురుగా ఉన్న కాఫీ హోటలు ఆయనతో మొదలుపెట్టి అయిదారుగురు గ్లాసులు పట్టుకొని వచ్చి నిలబడేవాళ్ళు.

ఆ చర్చలు ఎట్లా ఉండేవో ఇప్పటి పిల్లలకు తెలియదు. ముగ్గురు మనుషులు అరగంట సేపు ఒకరితో ఒకరు ఏకీభవించి, దానికి చర్చ అని పేరు పెట్టుకునేవాళ్ళు. ఒకాయన "మీరు సెలవిచ్చినట్టుగా" అని మొదలుపెట్టేవాడు. రెండో ఆయన "తమరు చాలా లోతైన విషయం ప్రస్తావించారు" అని, దాని లోతు ఎంతో ఎవరికీ తెలియకుండా దాటిపోయేవాడు. మూడో ఆయన ఇద్దరినీ సమన్వయం చేసేవాడు. కొట్లాడుకోని ఇద్దరికి సమన్వయం ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. పైగా అంతా కాగితం చూసి చదవడమే. ఆశ్చర్యపోవడం కూడా కాగితంలో రాసుకొని వచ్చి ఆశ్చర్యపోయేవాళ్ళు. ఎవరన్నా వక్త మాట మధ్యలో గంభీరంగా ఆగితే మా మామ చెవి సెట్టుకు ఆనించి, "ఆలోచన సేస్తాండాడు అనుకుంటిరా? కాదప్పా. పేజీ తిప్పతాండాడు" అనేవాడు. నిజంగానే కాగితం గరగర వినిపించేది.

ఒకసారి ఒక మామిడి మండీ యజమాని తన సెట్టు తెచ్చి, "పాటలు బాగానే వస్తాండాయి అన్నా, ఉపన్యాసం వస్తే మాత్రం గురగుర అంటాది. సూడు" అన్నాడు. మా మామ సెట్టు విప్పి, వాల్వులన్నీ చూసి, మళ్ళీ బిగించి ఇచ్చేశాడు. "సెట్టు బాగుండాది. మనిషే రిపేరు" అన్నాడు. ఆ మాట పుంగనూరులో చాలా కాలం తిరిగింది. కౌన్సిలరు మాట్లాడినా, బళ్ళో హెడ్మాస్టరు మాట్లాడినా వెనక వరసలోంచి ఎవడో ఒకడు "సెట్టు బాగుండాది" అనేవాడు.

ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన పని కష్టమయింది. ప్రతి స్టేషనులో ప్రతి మనిషీ ఒకే గొంతుతో ఒకే సంగతి మెచ్చుకుంటున్నాడు. "ఇట్లయితే నేను సెట్లు ఎట్ల సూసేది? అందరూ ఒకటే మాదిర మాట్లాడతాంటే లోపం యాడుండాదో ఎట్ల తెలుస్తాది?" అని ఆయన నిజంగానే బాధపడేవాడు. ఒక సాయంత్రం ఒక కానిస్టేబులు వచ్చి, "ఏమప్పా, రేడియోలో పెద్దోళ్ళు మాట్లాడతాంటే నువ్వు ఎదురు మాట్లాడతాండావంట?" అన్నాడు. మా మామ తల ఎత్తకుండా, "టెస్టింగు సార్. ఇది మీ సెట్టే" అన్నాడు. అది నిజంగా ఆ కానిస్టేబులు సెట్టే. ఆయన కాసేపు నిలబడి విని, తన సెట్టు చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు వేలు సంగతి చెప్పాలి. మా మామ వినేటప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు సెట్టు పైన ఆనించి వినేవాడు. రికార్డు చేసి వేసే చర్చల్లో స్టేషను వాళ్ళు టైము చాలకో, మాట పొసగకో టేపులో కొంత ముక్క కోసేసి అతికిస్తారు. ఆ అతుకు వచ్చిన చోటల్లా మా మామ చూపుడు వేలు పైకి లేచేది. చుట్టూ ఉన్నవాళ్ళు "కత్తెర!" అని అరిచేవాళ్ళు. నేను అడిగితే చెప్పాడు: "మనిషన్నోడు మాట్లాడేముందు ఊపిరి తీసుకుంటాడు పాపా. ఊపిరి సగంలో తెగి, మాట మొదలయిందంటే ఆడ కోసినట్టు." నేనూ ఎన్నోసార్లు చెవి పెట్టి విన్నాను. ఆయన వేలు లేచాక నాకు వినిపించేది, ముందు వినిపించేది కాదు. ఆ వేలంటే ఆ సందుకు గురి. ఒకసారి కాఫీ హోటలు ఆయన చుట్టం ఒకడు రేడియోలో మాట్లాడి వచ్చి, తను చెప్పినదాంట్లో ఏయే మాటలు తీసేశారో చెప్తే, వేలు లేచిన చోట్లకూ వాటికీ సరిగ్గా సరిపోయింది. ఆ రోజు మా మామ మొహం చూడాలి. చదువు లేని మనిషికి ఎవరో పట్టా ఇచ్చినట్టు వెలిగిపోయింది.

ఇదంతా చూస్తూ పెరిగిన నేను, డిగ్రీ రెండో ఏట ఉండగా, రేడియో చర్చకు పోయాను. రేడియో వాళ్ళు రికార్డింగు మిషను తీసుకొని మదనపల్లె వచ్చారు. ట్రావెలర్స్ బంగళాలో చర్చ. విషయం కరువు. ఒక అభివృద్ధి అధికారి, చర్చ నడిపించే మదనపల్లె ప్లీడరు ఒకాయన, పల్లె నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయిగా నేను. ఆ ప్లీడరు రేడియోకు పాత కాపు. ఇద్దరినీ సమన్వయం చేసే ఆ మూడో ఆయన ఎక్కువగా ఈయనే. మా మామ ఆయనకు 'సమన్వయం' అని పేరు పెట్టాడు.

నేను పోతున్నానని తెలిసి మా అమ్మ రామసముద్రం పక్క మా పల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. ఊళ్ళో ఉన్నది ఒకే బోరింగు. దాని పిడి విరిగి నాలుగు నెలలయింది. ఆడవాళ్ళంతా మైలు దూరంలో ఒక రైతు బావికి పోయి, ఆయన తిట్లు తిని, రెండేసి బిందెలు మోసుకొస్తున్నారు. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు. "నువ్వు ఆ ఆఫీసరును రేడియోలోనే అడుగు పాపా. ఊరంతా ఇంటాండగా అడిగితే ఆయప్ప కాదనలేడు. మేమందరం నీ మీదనే ఉండాము" అంది అమ్మ. ఆమె అరచేతులు చూపించింది. బావి చేంతాడు కోసిన గీతలు. మా మామ ఎప్పుడూ లేంది ఆ రోజు రేడియో గురించి ఎగతాళి చేయలేదు. "ఒగ తూరి అయినా ఆ పెట్టెలోంచి పనికొచ్చే మాట రానీ" అన్నాడు.

బంగళాలో మాకు టీ, బిస్కెట్లు పెట్టారు. మైకు ముందు నా గొంతు పరీక్ష చేశారు. ప్లీడరుగారు కళ్ళు మూసుకొని విని, "ఆహా, రేడియోకు పుట్టిన గొంతమ్మా నీది. మళ్ళీ మళ్ళీ పిలిపించుకోవాలి" అన్నారు. అధికారి నవ్వి నా వైపు బిస్కెట్ల పళ్ళెం జరిపారు. అంతే. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఏ మాటా వద్దనలేదు, ఏ కాగితమూ కొట్టివేయలేదు. రికార్డింగు మొదలయింది. నా వంతు రాగానే, రైతు సోదరులు శాస్త్రీయ పద్ధతులు పాటించాలని, నీటి విలువ ప్రజలు గుర్తించాలని చెప్పాను. నీటి విలువ! మా అమ్మకు చెప్పాను ఆ మాట! చివర్లో ప్లీడరుగారు, పాపం, అడిగారు కూడా: "ఇంకేమైనా చెప్పదలచుకున్నావా అమ్మా?" బోరింగు నా నాలుక చివరే ఉంది. అడిగితే అధికారి మొహం చిన్నబోతుంది, మళ్ళీ పిలవరు. "లేదండి. తమరు అన్నీ చెప్పారు" అన్నాను.

సాయంత్రం బస్సు దిగగానే మా మామ ఎదురొచ్చాడు. "అడిగితివా?"

"అడిగినా మామా."

"ఏమనె ఆయప్ప?"

"చూస్తామన్నాడు."

ఆయన ముఖంలో వెలుగు చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. రికార్డు చేసినవన్నీ వేస్తారా ఏమిటి, ఈ చర్చ ఏ మూలో పడిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అది పడిపోలేదు. రెండు వారాల తర్వాత ఫలానా రోజు ప్రసారమని కార్డు వచ్చింది.

ఆ సాయంత్రం సందు నిండిపోయింది. మా అమ్మ, ఆమెతోపాటు మా పల్లె ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. కాఫీ హోటలు ఆయన పొయ్యి ఆర్పేసి వచ్చాడు. మా మామ తన టెస్టింగు సెట్టును షాపు ముందు బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళు దాని మీద ఆనించాడు. చర్చ మొదలయింది. సెలవిచ్చారు, లోతులు చూశారు, సమన్వయం జరిగింది. నా గొంతు వచ్చింది. మా పల్లె ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. శాస్త్రీయ పద్ధతులు అయిపోయాయి, నీటి విలువ అయిపోయింది. నేను మా మామ వేలు తప్ప ఇంకేమీ చూడలేదు. లేవమని దాన్ని మనసులో బతిమాలుకున్నాను. అది కదల్లేదు. ప్లీడరుగారి ఆ చివరి ప్రశ్న దాకా రాకముందే వాళ్ళు టేపు ఆపేశారు, అతుకు పడే పనే లేదు. చర్చ ముగింపు సంగీతం వచ్చింది.

"బోరింగు యాడ పాపా?" అంది మా అమ్మ.

"కోసేసినట్టుండారమ్మా" అన్నాను.

సందులో తిట్లు లేచాయి. అన్నిటికన్నా పెద్ద గొంతు కాఫీ హోటలు ఆయనది. తిడుతూ తిడుతూ ఆయన మా మామ వైపు తిరిగాడు. "అవునన్నా, నువ్వు ఏలు ఎత్తలేదే?"

మా మామ నన్ను చూశాడు. ఎంతసేపో చూడలేదు. తర్వాత సెట్టు ఆపి, "ఈ తూరి కోసినోడు మంచి పనిమంతుడప్పా. నాకే తెలీకుండా కోసినాడు" అన్నాడు.

రేడియో వాళ్ళలో ఒక్కణ్ణి ఆయన మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆయన మెచ్చుకున్న ఆ పనిమంతుడు పుట్టనే లేదు.

దాంతో వేలు ఆట ముగిసిపోయింది. మరుసటి వారం ఏదో చర్చలో ఆయన వేలు లేస్తే, నిలబడినవాళ్ళలో ఒకడు నవ్వి, "ఉండప్పా, దానికి తెలీకుండా ఎన్ని కోసినారో" అన్నాడు. అందరూ నవ్వారు. మా మామ కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొనే వినేవాడు. మెల్లగా జనం రావడం తగ్గింది. టీవీలు వచ్చాక అసలే ఆగిపోయింది. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చినప్పుడు, "పిల్లోళ్ళకు కాగితం సూసి సెప్పొద్దు పాపా" అన్నాడు. అంతే. రేడియో వాళ్ళ నుంచి నాకు మళ్ళీ పిలుపు కూడా రాలేదు. రేడియోకు పుట్టిన గొంతు పుట్టినచోటే ఉండిపోయింది.

పదకొండో రోజు పుంగనూరు లైబ్రరీ హాలులో సంతాప సభ పెట్టారు. అధ్యక్షత వహించడానికి మదనపల్లె నుంచి ఎవరు వచ్చారనుకున్నారు? ఆ ప్లీడరుగారే. జుట్టు నెరిసింది గానీ సమన్వయం తగ్గలేదు. జేబులోంచి కాగితం తీశారు. మా మామ 'శబ్ద తపస్వి' అట. 'ఆకాశ తరంగాలకు అంకితమైన జీవితం' అట. తరంగాల తర్వాత ఆయన గంభీరంగా ఆగారు. పేజీ తిప్పారు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. ఆ గరగర వినిపించాల్సిన మనిషి లేడు.

తర్వాత కాఫీ హోటలు ఆయన లేచి నన్ను చూపించాడు. "ఈ పాప ఆ కాలంలోనే రేడియోలో ఆఫీసరును మొగాన్నే అడిగిండాది. కత్తెరేసినారు. మా అన్న సచ్చేదాకా అందరికీ అదే సెప్పతా ఉండె. నా కోడలు నిజం మాట్లాడితే ఓర్చుకోలేక కోసినారప్పా అని." జనం చప్పట్లు కొట్టారు. నేను ప్లీడరుగారిని చూశాను. ఆనాడు బంగళాలో నేనేం మాట్లాడానో, ఏం మాట్లాడలేదో ఈ సభలో తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఆయన నన్ను గుర్తుపట్టారు. చిన్నగా నవ్వి, మైకు దగ్గరకు వంగి, "అవునవును, కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అన్నారు.

ఆ ముక్కతో ఆయన నాకు తన పక్కనే కుర్చీ వేశారు. ఇంతసేపూ వీళ్ళందరినీ నేను ఇంత చులకన చేస్తూ వచ్చాను కదా. ఆ రోజు నన్ను మాట్లాడమంటే లేచి, "మామ చాలా మంచివాడు" అని కూర్చున్నాను. మళ్ళీ కోసింది నేనే. ఆ సభలో చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. నన్ను ఎవరూ కోయలేదు. నేను అడగలేదు.

సభ అయ్యాక ఇంట్లో మా అత్త ఒక సంగతి చెప్పింది. "మీ పల్లె బోరింగు కోసరం మీ మామ ఎన్ని తూర్లు మదనపల్లె బస్సెక్కినాడో నీకు తెలీదు పాపా. షాపు మూసిపెట్టి పోయేవాడు. ఆడ ఆఫీసులో కూసోని గుమాస్తాల సెట్లన్నీ బాగుచేసె. అవన్నీ అయినాక బోరింగు బాగుచేసిరి." బోరింగు బాగయిందని నాకు అప్పుడే తెలుసు. ఎట్లా బాగయిందో నేను అడగలేదు. పనికొచ్చే మాట ఆ పెట్టెల్లోంచి మొత్తానికి వచ్చింది. నా గొంతుతో మాత్రం రాలేదు. "మరి నాకు ఎందుకు సెప్పలేదత్తా?" అన్నాను. అత్త ఆశ్చర్యపోయింది. "నీకు సిన్నతనం అవుతాదని" అంది. అంటే అత్తకూ తెలుసు.

టెస్టింగు సెట్టును నన్ను తీసుకుపొమ్మంది. కుప్పం దాకా ఒళ్ళో పెట్టుకొని వచ్చాను. ఇంట్లో బల్ల మీద పెట్టి దుమ్ము తుడుస్తుంటే పైచెక్క మీద పాలిష్ పోయి రెండు మచ్చలు కనిపించాయి. మధ్యవేలు ఆనిన చోట చెక్క నున్నగా, లోతుగా అరిగింది. పక్కన చూపుడు వేలు లేచి పడే చోట అరుగుదల తక్కువ. ఏళ్ళుగా ఏ వేలూ ఆనక రెండింట్లోనూ సన్నగా మట్టి పేరుకొని ఉంది. గుడ్డతో తుడిచాను. స్విచ్చి వేశాను. వార్తలు అయ్యాక ఎవరో ముగ్గురు కూర్చొని దేని గురించో ఏకీభవించడం మొదలుపెట్టారు. నా రెండు వేళ్ళు ఆ మచ్చల మీద పెట్టి, ఊపిరి ఎక్కడ తెగుతుందోనని చివరిదాకా విన్నాను.